మూడో రాజు వంతు

బావిని పూడ్చేస్తున్నామని మా పెద్దబాపు కొడుకు నర్సింలు ఫోన్ చేశాడు. "రేపు టిప్పర్లు అస్తయి అక్కా. అందులకెళ్లి నీకేమన్న గావాల్నంటే ఇయ్యాల్నే చెప్పు" అన్నాడు. ఎండిపోయిన బావిలోంచి ఎవరికైనా ఏం కావాలి? ఏమీ వద్దన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆర్మూర్‌లో దిగి, ముప్కాల్ వైపు వెళ్లే ఆటోలో మా ఊరు చేరేసరికి రెండు టిప్పర్ల మొరం అప్పటికే బావిలో పడింది. గట్టు మీద నిలువుగా పాతిన రాతి కడీకి బిగించి ఉండే మోటరు స్టార్టరు డబ్బాను నర్సింలు ఊడదీసి పక్కన పెట్టాడు. దాని రేకు తలుపుకు ఇటొక మేకు, అటొక మేకు. కుడివైపు మేకుకు ఎద్దు మెడలో కట్టే ఇత్తడి గజ్జె ఒకటి ఇంకా వేలాడుతూనే ఉంది. తీసి ఆడించాను. మోగలేదు. మట్టి పట్టిందనుకుని సంచిలో వేసుకున్నాను.

ఆ గజ్జె అక్కడ ఎందుకుందో ఇప్పటి పిల్లలకు తెలియదు. మా నాన్న, అంటే బాపు, ఆయన అన్న పెద్దబాపు ఇద్దరే అన్నదమ్ములు. భూమి పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు, బావిని మాత్రం పంచుకోవడం కుదరక ఉమ్మడిగా ఉంచుకున్నారు. ఒక రోజు అన్న వంతు, ఒక రోజు తమ్ముడి వంతు. మొదట్లో నోటితోనే నడిచింది. తర్వాత ఒక ఏడు పసుపు ఉడికించే కడాయి దగ్గర మాట తేడా వచ్చింది. కడాయి కూడా ఉమ్మడిదే. ఆ ఏడు పెద్దబాపు పసుపు ముందు ఉడికింది. మాది తర్వాత ఉడికి ఇంకా ఆరుతుండగానే వాన పడింది. కొమ్ములన్నీ తడిసి రంగు పోయి, మార్కెట్లో వ్యాపారులు చేత్తో తిప్పి చూసి పక్కకు జరిగిపోయారు. "ముందు వంతు నాకిస్తే నీ సొమ్మేం బోయేది?" అని బాపు అన్నాడట. "మొగులును నేను పిలిచిన్నా?" అని పెద్దబాపు అన్నాడట. అంతే. ఎనిమిదేళ్లు ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేకపోయినా నీళ్ల వంతు ఆగదు కదా. అందుకే ఈ గజ్జె. తన వంతు అయిపోయినవాడు మోటరు ఆపి, గజ్జెను అవతలివాడి మేకుకు తగిలించి వెళ్లిపోయేవాడు. ఒకరి పొలం ఎండుతోందని అనిపిస్తే రెండోవాడు తన వంతు రోజున మోటరు వెయ్యకుండానే గజ్జెను అటు మార్చేవాడు. దాన్ని వంతు ఇడిసిపెట్టుడు అంటారు. బావిలో నీళ్లు ఎదుటివాడికి మిగులుతాయి. థాంక్స్ చెప్పేది లేదు, మొహం చూసేది లేదు. మేము పిల్లలం మాత్రం రెండిళ్లలోనూ తిరిగేవాళ్లం. అమ్మ, పెద్దమ్మ కూలీలతో కలిసి ఒకే కళ్లంలో పసుపు విరిచేవాళ్లు, ఒకరి చేతిలోని తమలపాకు ఒకరు తీసుకునేవాళ్లు. మాటలు మానేసింది మగవాళ్లిద్దరే. మాఘమాసం వచ్చిందంటే రెండు వాకిళ్ల నుంచీ ఒకటే వాసన లేచేది. ఉడికిన పసుపు ఆవిరి, మట్టి, చెరుకు ఆకు పొగ కలిసిన ఆ వాసన బట్టలకు పట్టి, సబ్బుకు లొంగకుండా హోళీ దాకా ఉండేది.

డిగ్రీ అయ్యాక నేను ఆర్మూర్‌లో మార్కెట్ దారిన దుకాణాల వరసలో ఒక చిన్న మడిగె కిరాయికి తీసుకుని, కంప్యూటర్ పెట్టి, పెండ్లి పత్రికలు, కరపత్రాలు కొట్టివ్వడం మొదలుపెట్టాను. అటుపక్క బీడీ ఆకు గోదాము, ఇటుపక్క ఎరువుల దుకాణం. కంప్యూటర్ అమ్మినాయన మిగతావాటితో పాటు ఒక ఆట కూడా అందులో వేసిచ్చాడు. ఎప్పటివో కోటల కాలపు రాజులు, వాళ్ల ఊళ్లు, పొలాలు, సైనికులు. పరుగులు పెట్టే ఆట కాదు. నీ వంతు వచ్చినప్పుడు ఎంతమందిని పొలానికి పంపాలో, ఎంతమందిని కోట కట్టడానికి పెట్టాలో, సైన్యం ఎటు నడవాలో తీరిగ్గా చెప్పుకోవచ్చు. అంతా అయ్యాక మూలనున్న ఇసుక గడియారం బొమ్మ నొక్కితే వంతు ముగుస్తుంది, రుతువు మారుతుంది. కరెంటు పోయినా బాధ లేదు. దాచుకున్న చోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. గిరాకీ లేని వేళల్లో నేను ఒక్కదాన్నే ఆడుకునేదాన్ని.

బాపు రోజూ మధ్యాహ్నం టీవీఎస్ బండి మీద నాకు సద్ది డబ్బా తెచ్చేవాడు. నేను తినేదాకా ఫ్యాన్ కింద కూర్చునేవాడు. ఒకరోజు తెర మీద పొలాలు కనబడి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"గీ రాజు ఏం పండిస్తడే?"

"గోధుమలు బాపు."

"పసుపెయ్యడా?"

"ఆ దేశంలో పసుపు లేదు."

"మరి కూరల్ల ఏమేసుకుంటరు?"

నాకు తెలియదన్నాను. నిజంగానే అప్పటిదాకా నాకు ఆ అనుమానం రాలేదు. తర్వాత తెర మీద చలికాలం వచ్చి పొలాలన్నీ తెల్లబడ్డాయి. బాపు చెయ్యి పెట్టి తుడవబోయి ఆగాడు. "ఉప్పు వోసిండ్రా పొలంల?" మంచు అని చెప్పాను. చలికాలమంతా ఏమీ పండదని చెప్పాను. పసుపు తవ్వే కాలంలో మనిషి ఊరికే కూర్చోవడమా అని ఆయనకు ఎంతకీ నమ్మకం కుదరలేదు. ఇంటికి పోతూ కూడా గుమ్మం దగ్గర ఆగి, "మరి గా నాలుగు నెలలు వాళ్లేం జేస్తరే?" అని అడిగి వెళ్లాడు.

పెద్దబాపు పొద్దున పూట వచ్చేవాడు. సైకిల్‌కు పాల క్యాన్లు కట్టుకుని బస్టాండు దగ్గరి హోటల్లో పోసి, తిరిగి వెళ్తూ నా మడిగె ముందు ఆగేవాడు. ఆయనది తక్కువ మాట. ఆయన తెరవైపు చాలాసేపు చూసి అడిగింది ఒక్కటే: "గీ ఇండ్లల్ల ఉన్నోళ్లకు పేర్లున్నయా బిడ్డా?" లేవన్నాను. "పేర్లు లేకుంటే పంచాయితీ అచ్చినప్పుడు ఎవన్ని పిలుస్తరు?" అన్నాడు. తర్వాత ఎన్నో ఏళ్లు పత్రికలో విలేకరిగా పనిచేసి ఎంతోమంది పెద్దవాళ్లను ప్రశ్నలడిగాను కానీ, అంత సూటి ప్రశ్న నాకు ఎక్కువసార్లు తట్టలేదు.

ఆ ఆటలో ఒకే యంత్రం మీద ఇద్దరు వంతుల వారీగా ఆడే ఏర్పాటు ఉంది. ఒకరు ఆడుతుంటే రెండోవాళ్లు చూడకూడదు. అది మా ఇంటిని చూసే తయారుచేశారా అనిపించింది నాకు. పొద్దున పెద్దబాపు, మధ్యాహ్నం బాపు. ఎవరు ఏం చేస్తారో చూడాలన్న కుతూహలమే తప్ప, ఇద్దరినీ కలపాలన్న గొప్ప ఆలోచన ఏదీ నాకు లేదు. ఎదుటి రాజును ఎవరు ఆడిస్తారో ఇద్దరికీ దాచకుండానే చెప్పాను. బాపు కాసేపు ఫ్యాన్ వైపు చూశాడు. "మీ పెద్దబాపు ఏ జెండా తీసుకుండు?" ఇంకా తీసుకోలేదన్నాను. "అయితే పసుపుది నాకియ్యి." మర్నాడు పొద్దున పెద్దబాపు నవ్వాడు. "పసుపుది వాడు తీసుకున్నడా? తీసుకుంటడు. చిన్నప్పటి సంది గంతే. నాకు నీలిది పెట్టు." మౌసు ఇద్దరూ పట్టలేదు. వేలితో తెర మీద చూపిస్తే నేను నొక్కేదాన్ని. సాయంత్రానికల్లా తెర నిండా వేలిముద్రలు, చాలావరకు పసుపు రంగువి.

ఒక సంగతి మాత్రం నేను చెప్పలేదు. పటంలో ఉత్తరపు మూలన ఎర్రజెండాతో మూడో రాజు ఒకడున్నాడు. వాణ్ని ఆడించేది యంత్రమే. బాపు వంతు ముగిశాక, ఇసుక గడియారం ఒకసారి తిరిగేలోపే వాడి వంతు అయిపోతుంది. అంత చిన్న సంగతిని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ ఏడు దీపావళి తర్వాత బావి దిగిపోవడం మొదలుపెట్టింది. అటూ ఇటూ పొలాల్లో కొత్తగా బోర్లు పడ్డాయి. రోజంతా పోసే మోటరు రెండు గంటలకే గాలి పీల్చేది. పసుపు ఇంకా రెండు నెలలు నేలలో ఉండాలి. బావిని ఇంకో రెండు గజాలు దించితే తప్ప రెండిళ్ల పంటా దక్కదని ఊళ్లో అందరికీ తెలుసు. దించాలంటే వారం రోజులు మోటరు పూర్తిగా ఆపాలి, అంటే ఇద్దరూ ఒక్కసారే ఆపాలి. ఒక్కడు ఆపితే అది వంతు వదిలినట్టే, పని జరగదు. 'ఆపుదాం' అని ఒకరితో ఒకరు అనాలి. అక్కడే ఆగిపోయింది. "కొడుకుల్లెక్క పెంచిన పంట. ఒక్క మాటకు ఎండబెడుతున్నరు" అని అమ్మ పొయ్యి ముందు కూర్చుని నిప్పులతో అనేది. పెద్దమ్మ కూడా అదే మాట పెద్దబాపుతో అనేది. ఇద్దరికీ ఒకటే జవాబు: "ముందుగాల వాన్ని అననియ్యి." "ముందుగాల ఆయనను అననియ్యి."

అదే రోజుల్లో తెర మీద బాపు రాజ్యానికి కరువొచ్చింది. తప్పు ఆయనదే. పండిన గోధుమంతా గాదెలో పెట్టించాడు. పంచనివ్వలేదు, అమ్మనివ్వలేదు. "ధర రానియ్యి. ఫికర్ జెయ్యకు" అనేవాడు. రెండు ఏళ్ల గోధుమ అలా పేరుకున్నాక ఒక మధ్యాహ్నం తెర మీద కబురొచ్చింది: గాదెలో సగం ఎలుకల పాలై, మిగతాది మురిగిపోయింది. బాపు నమ్మలేదు. "పసుపైతే రెండేండ్లున్నా నిలుస్తది గదనే!" గోధుమ పసుపు కాదని నాకూ అప్పుడే తెలిసింది. తర్వాతి వంతుకు ఇళ్ల పొగగొట్టాల నుంచి పొగ రావడం మానేసింది. బొమ్మ మనుషులు మూటలతో పొలిమేర దాటి పోతున్నారు. "మనుషులు పోతున్నరేందే?" అన్నాడు. బాపు గొంతు అలా వినడం నాకు కొత్త. ఆ రోజు ఆయన చూసింది తెరనేనా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మర్నాడు పొద్దున పెద్దబాపు వచ్చి కూర్చున్నాడు. పొలిమేరలో ఆయన నీలి సైన్యం నిండుగా నిలబడి ఉంది. అవతల పసుపు జెండా కోటలో కావలివాళ్లు కూడా లేరు. ఇవాళ ఆట తేలిపోతుందని నేను స్టూలు ముందుకు జరుపుకున్నాను.

"వానికి తిండికి లేనట్టున్నది" అన్నాడు పెద్దబాపు.

"అవును పెద్దబాపు. ఇప్పుడు పోతే కోట నీదే."

ఆయన వేలితో తెర మూలకు చూపించాడు. "ఇయ్యాల నా వంతు ఇడిసిపెడుతున్న. గా గడియారం నొక్కు."

"ఊరికే నొక్కితే నీకే నష్టం. దానివల్ల బాపుకు వచ్చేదేమీ లేదు."

"నీళ్లు వానికి మిగలవా?"

"ఇందులో నీళ్లు లేవు పెద్దబాపు."

"నొక్కు బిడ్డా" అన్నాడు.

మధ్యాహ్నం బాపు వచ్చి, నీలి సైన్యం నిన్నటి చోటే ఉండడం చూశాడు. "ఏం జేసిండు మీ పెద్దబాపు?" వంతు వదిలేశాడని చెప్పాను. బాపు మొహం ఎర్రబడింది. "నన్ను జూసి జాలి పడ్డడా? ఆయన వంతు నాకెందుకు? నాది గూడ ఇడిసిన. నొక్కు." "జనం చస్తారు బాపు" అన్నాను. "నొక్కుమన్ననా లేదా?"

అట్లా పది రోజులు గడిచాయి. పొద్దున ఒకరు వచ్చి వంతు వదిలేవారు, మధ్యాహ్నం ఒకరు వచ్చి వదిలేవారు. తెర మీద పూలు పూశాయి, ఎండలు కాశాయి, ఆకులు రాలాయి, మంచు కురిసింది, మళ్లీ పూలు పూశాయి. పొలాలు దున్నినవాడు లేడు. ఎవరిది జాలో ఎవరిది పంతమో నాకు అర్థమయ్యేది కాదు. బహుశా వాళ్లకు కూడా తెలియదు. వాళ్లు లేనప్పుడు పటాన్ని పైకి జరిపి, ఉత్తరం నుంచి ఎర్రజెండాలు ఒక్కొక్క ఊరూ దిగుతూ రావడం నేను చూస్తూనే ఉన్నాను. చెప్పలేదు. ఏమవుతుందో చూద్దామనిపించింది. ఆ బుద్ధే తర్వాత నాకు పత్రికలో అన్నం పెట్టింది కానీ, అది అంత మంచి బుద్ధని ఈ రోజుకీ అనలేను.

పదకొండో రోజు పొద్దున పెద్దబాపు వచ్చేసరికి నీలికోట మీద ఎర్రజెండా ఎగురుతోంది. ఆయన లేవలేదు. క్యాన్లు ఎండలోనే ఉన్నాయి. మధ్యాహ్నం బాపు టీవీఎస్ ఆపి, బయట అన్న సైకిల్ చూసి, చేతిలో డబ్బాతో గుమ్మంలో నిలబడిపోయాడు. వెనక్కి తిరిగితే సొంత బిడ్డ మడిగె ముందు నుంచి పారిపోయినట్టు అవుతుంది. లోపలికొచ్చి తెర చూశాడు. పసుపు కోట మీద కూడా ఎర్రజెండానే.

పెద్దబాపు తెరతో అన్నాడు: "నేనైతే పంపలే."

బాపు కూడా తెరతోనే అన్నాడు: "నేను గూడ పంపలే."

తర్వాత ఇద్దరూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

"మరి గీ ఎర్రోడు ఎవడే?" అన్నాడు బాపు.

"మిషనే బాపు. మూడో రాజు."

"వానికి గూడ వంతుంటదా?"

"ఉంటుంది. మీ ఇద్దరి తర్వాత."

"మొదటి సందా?" అని పెద్దబాపు అడిగాడు.

"మొదటి నుంచీ."

"గీ పిల్లకు చెప్పాలని లేదు సూడు!"

"నీ పోలికనే అన్నా" అన్నాడు బాపు. "నోట్లకెళ్లి మాట ఊడిపడదు."

"నా పోలికెందుకైతది? నీ బిడ్డనాయె. గాదెల వెట్టుకుంటది అన్ని."

ఎనిమిదేళ్ల తర్వాత 'అన్నా' అన్న మాట ఆ మడిగెలో వినబడింది. అన్నవాడు గమనించాడో లేదో తెలియదు. ఒక్క బెంచీ మీద కూర్చుని, మిగిలిన పదిమంది సైనికులతో ఎర్రోణ్ని వెళ్లగొట్టాలని రెండు గంటలు ప్రయత్నించారు. "ఇటుకెళ్లి రా." "ఇటు వాగున్నది, కనబడ్తలేదా?" "నీకు ఎన్నడు కనబడ్డదని?" మధ్యలో నా సద్ది డబ్బా ఇద్దరూ ఖాళీ చేశారు. జొన్నరొట్టె చివరి తుంట పెద్దబాపు సగం చేసి తమ్ముడి ముందు పెట్టాడు. నాకు ఏమీ మిగల్లేదు. ఆట ఓడిపోయారు. బావి గురించి ఒక్క మాట అనుకోలేదు. సైకిల్ ఒకసారి, టీవీఎస్ కాసేపాగి ఒకసారి, విడివిడిగానే వెళ్లిపోయాయి.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. "ఒక్క బెంచి మీదనా?" అని అడిగింది. అవునన్నాను. కాసేపటికి మళ్లీ అడిగింది: "ఒక్క బెంచి మీదనేనా?" చేట పక్కన పెట్టి, పెద్దమ్మ వాళ్లింట్లో చింతపండు తెస్తానని వెళ్లింది.

మర్నాడు పొద్దున బాపు మోటరు వెయ్యడానికి వెళ్లి, వెయ్యకుండా తిరిగొచ్చాడు. గజ్జె ఆ మేకుకూ లేదు, ఈ మేకుకూ లేదు. డబ్బా మీద పెట్టి ఉంది. ఎవరి వంతూ కాదని, మోటరు ఆగాలని అర్థం. "అన్న తీసి మీద పెట్టిండు" అన్నాడు. కండువా వేసుకుని అన్న ఇంటి వైపు వెళ్లాడు. మూడో రోజుకు బావి మీద పూడిక తీసే క్రేను దిగింది. మడుల చివర్లు ఎండాయి కానీ, నడిమి పసుపు నిలబడింది. ఆ మాఘంలో కడాయి ముందు మా వాకిట్లోకే వచ్చింది. వంతులు మళ్లీ నోటితోనే నడిచాయి, గజ్జె ఊరికే కుడి మేకుకు వేలాడేది.

ఆ గజ్జె ఎవరు పెట్టారని తర్వాత నేను ఇద్దరినీ ఎన్నోసార్లు అడిగాను. "అన్ననే" అనేవాడు బాపు. "మీ బాపే" అనేవాడు పెద్దబాపు. ఇద్దరూ పోయేదాకా ఆ జవాబులు మారలేదు. ఎవరికి వారు గొప్ప ఎదుటివాడికి ఇస్తున్నారని అనుకున్నాను. ఆ ఇద్దరి మంచితనం గురించి చాలామందికి చెప్పాను కూడా.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరి బోరు వాళ్లది. నర్సింలు ఆర్మూర్‌లో చాయ్ తాగుతూ ఫోన్ నొక్కితే పొలంలో మోటరు నడుస్తుంది. ఎవరి వంతు కోసం ఎవరూ చూడనక్కర్లేదు. దాని హాయి నాకు తెలుసు. వంతు కోసం పడిన అవస్థ చూసినదాన్ని, ఆ రోజులే బాగుండేవని అనను. కాకపోతే పక్క పొలం ఎండుతోందో లేదో చూడవలసిన పని కూడా ఇప్పుడు ఎవరికీ లేదు. నర్సింలును అడిగాను, పక్కాయన ఈ ఏడు ఏం వేశాడని. "ఏమో అక్కా, మక్క గావచ్చు" అన్నాడు. మధ్యలో ఉన్నది ఒక్క గట్టే.

టిప్పరు మూడోసారి వెళ్లాక, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తున్న పెద్దమ్మకు గజ్జె తీసి చూపించాను. ఆమెకు ఎనభై దాటాయి. అమ్మ పోయి నాలుగేళ్లయింది. మోగడం లేదు పెద్దమ్మా, మట్టి పట్టినట్టుంది అన్నాను.

"మట్టి గాదే, బట్ట" అంది. "మీ అమ్మ కొంగు చింపి కుక్కింది."

నాకు అర్థం కాలేదు.

"నువ్వచ్చి చెప్పినవు గద, ఇద్దరు ఒక్క బెంచి మీద కూసున్నరని. చింతపండుకని అచ్చి గదే మాట చెప్పింది మీ అమ్మ. ఇప్పుడు గాకుంటే ఎన్నడు గాదనుకున్నం. తెల్లారంగ ఇద్దరం బాయి కాడికి వోయినం. మీ పెద్దబాపు కొట్టంల పాలు పిండుతుండె. సప్పుడైతే అస్తడని మీ అమ్మ గజ్జెల బట్ట కుక్కె. నేను దీసి డబ్బా మీద పెడితి."

"మరి వాళ్లిద్దరూ..."

"నువ్వు గూడ ఇనకపోతివా? ఈయనేమో ఆయన పెట్టిండన్నడు, ఆయనేమో ఈయన పెట్టిండన్నడు. మేమెందుకు కాదంటం?"

ఎర్రరాజు సంగతి నేను వాళ్లకు చెప్పలేదు. ఈ సంగతి వీళ్లు నాకు చెప్పలేదు. పాతికేళ్లు ఊరూరా తిరిగి మనుషులను ప్రశ్నలు అడిగిన నేను, ఈ ప్రశ్న ఆ ఇద్దరు మగవాళ్లనే అడిగాను. మా వంటింట్లో ఒక్కసారి కూడా అడగలేదు.

జడపిన్నుతో గజ్జె చీలికలోంచి మెల్లగా లాగాను. ముడతలు పడిన గోరంత గుడ్డ పీలిక వచ్చింది. ఒకప్పుడు ఏ రంగో ఏమో, ఇప్పుడు పసుపుగానే ఉంది. గజ్జె నా చేతిలోనే సన్నగా మోగింది. టిప్పరు డ్రైవరు తిరిగి చూశాడు. నేను గభాలున పిడికిలి మూశాను.

"ఇగ మోగనియ్యి బిడ్డా" అంది పెద్దమ్మ. "లేసి వచ్చేటోళ్లు ఎవ్వరున్నరు?"